గంగమ్మ పేరున వచ్చిన పెట్టె

ఏసుమణి మూడోసారి లెక్క కూడడం మొదలుపెట్టేసరికి చెంచమ్మ పంచలో కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపేశారు. ఎండ నడినెత్తిన ఉంది. వాళ్ళంతా తెల్లవారకముందే రొయ్యల గంపలెత్తుకుని సూళ్ళూరుపేటకు నడిచి, అమ్మగలిగినంత అమ్మి, మిగిలింది అడిగినవాడికి అడిగినంతకు ఇచ్చేసి, ఉప్పు పర్రల మీదుగా మళ్ళీ నడిచి వచ్చినవాళ్ళు. సగంమంది ఇంకా గంజి కూడా తాగలేదు. కాళ్ళకు బురద ఎండిపోయి తెల్లగా పొక్కులు కట్టింది. అయినా ఒక్కరూ లేచి వెళ్ళలేదు. గోనెపట్టా మీద పరిచిన నమూనా గిన్నెల వైపే చూస్తూ కూర్చున్నారు.

"పదకొండు రూపాయలు తక్కువొస్తా వుండాది," అంది ఏసుమణి చివరికి.

ఆ పదకొండు రూపాయల కథ ఏమిటో చెప్పాలి. మద్రాసులో ఒక గిన్నెల కంపెనీ ఉంది. దానికి దుకాణాలు లేవు. చదువొచ్చిన ఆడవాళ్ళను ఏజెంట్లుగా పెట్టుకుంటుంది. ఏజెంటు ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్ళను పోగుచేసి, నమూనాలు చూపించి, ఎవరికేం కావాలో రాసుకుంటుంది. సొమ్ము ముందే కట్టాలి కానీ ఒక్కసారిగా కట్టనక్కర్లేదు. వారానికి పావలా, అర్ధా చొప్పున ఇచ్చుకోవచ్చు. బజారులో షావుకారు ఇట్లా ఇవ్వడు. గంప దింపి అతని అరుగెక్కితేనే ముక్కు మూసుకుంటాడు. అందుకని ఏజెంటుగా సూళ్ళూరుపేట నుంచి వచ్చి దిబ్బకుప్పంలో ఏసుమణి పెట్టె తెరిచిన రోజున ఊళ్ళో ఆడవాళ్ళంతా తరలివచ్చారు. చర్చి మనిషి కాబట్టి, ప్రార్థనకు చేరడాన్ని అన్నట్టే, ఆమె దాన్ని కూడిక అంది. గంగమ్మను కొలిచే ఈ పల్లెవాళ్ళూ ఏ అభ్యంతరమూ లేకుండా గిన్నెల కూడిక అనేశారు.

అంతవరకు బాగానే ఉంది. కానీ కూడిక జరిగిన ఇంటినుంచి వెళ్ళే మొత్తం ఆర్డరు అరవై రూపాయలకు తగ్గితే కంపెనీ సరుకు పంపదు. తగ్గిన ఆర్డరును మరుసటి నెలకు కలుపుతారు. అప్పటికీ చాలకపోతే ఇంకో నెల. మూడో నెలా అరవై నిండకపోతే కట్టిన సొమ్ము ఖర్చుల కింద పోయినట్టే. ఈ నిబంధన రాసినవాడు ఫ్యాను కింద కూర్చుని రాసి ఉంటాడు. ఒక్క గ్లాసు కోసం పది వారాలు పావలాలు కూడబెట్టేవాళ్ళు లోకంలో ఉంటారని అతనికి తోచి ఉండదు. తోచినా రాసేవాడేమో, చెప్పలేం.

దిబ్బకుప్పానికి ఇది మూడో నెల. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. ఒకరిది గ్లాసు, ఒకరిది గరిటె, ఒకరిది చంటిబిడ్డకు పాలు పట్టే చిన్న గిన్నె. అందరికంటే పెద్ద ఆర్డరు ఇల్లుగలామె చెంచమ్మదే, తొమ్మిది రూపాయల సత్తు బిందె.

ఆ బిందె కోసమే చెంచమ్మ ఈ కూడికను తన పంచలో పెట్టించుకుంది. ఆమెకు ఐదు కాన్పులు. చివరి కాన్పయిన పదో రోజునే గంపెత్తింది, ఎత్తక గడవదు కనుక. అప్పటినుంచి నిలబడితే పొత్తికడుపులో ఏదో జారినట్టు ఉంటుంది. మిషనాసుపత్రి డాక్టరమ్మ చూసి గర్భసంచి దిగింది, బరువులెత్తొద్దు అని చెప్పింది. ఎత్తకుండా ఎట్ట బతికేదని చెంచమ్మ ఆమెనే అడిగింది. డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు. ఊళ్ళో నీళ్ళు ఉప్పు. మంచినీళ్ళ చెలమ మైలు దూరాన సవక తోపుల అవతల ఉంది. నీళ్ళ బరువు ఎట్లాగూ తప్పదు, మట్టికడవ బరువైనా తప్పుతుందని చెంచమ్మ ఆశ. సత్తు బిందె చిటికెన వేలితో లేస్తుందని మొదటి కూడికనాడు ఏసుమణి ఎత్తి చూపించింది. చెంచమ్మ కూడా లేపి చూసింది. ఆ రోజంతా ఆమె ముఖంలో నవ్వు పోలేదు.

ఇప్పుడు బిందె ఒక్కటే కాదు, పరువు కూడా పోయేట్టు ఉంది. ఆ ఊళ్ళో ఎవరి పంచన బేరం జరిగితే పూచీ వాళ్ళదే. మిగతా పదిహేడు మందీ సొమ్ము ఏసుమణి చేతికి ఇచ్చినా, ఇచ్చింది చెంచమ్మ గడప చూసి. ఈ రోజు అరవై నిండకపోతే ఆ పదిహేడు మంది గ్లాసులకూ గరిటెలకూ చెంచమ్మ బదులు చెప్పుకోవాలి. ఆమె మొగుడు చిన్నపోలయ్యకు సొంత పడవ లేదు. ఒకరి పడవ మీద పాలుకు, అంటే పట్టిన చేపలో వాటాకు, పోతాడు. బదులు చెప్పడానికి ఆ ఇంట్లో ఏముందో అందరికీ తెలుసు.

అందరూ ఏసుమణి ముఖం చూశారు. ఆమె దగ్గర మాత్రం ఏముంది? వేరే ఊళ్ళలో ఇట్లా తగ్గినప్పుడల్లా తగ్గినంతకు తనే సరుకు రాసుకుని అరవై నింపింది. అట్లా రూపాయికి పది పైసల కమీషను చొప్పున సంపాదించిందంతా గరిటెలై కూర్చుంది. ఇంట్లో ఇరవై గరిటెలకు పైనే ఉన్నాయి. రైలుపట్టాల పనిలో నడుం విరిగి మంచాన ఉన్న ఆమె భర్త యెహోషువ, ఇన్ని గరిటెలు పెట్టుకుని కూర వండకపోతే దేవుడు ఒప్పుకోడని నవ్వించేవాడు. ఈ నెల ఆ గరిటెకు కూడా డబ్బు లేదని ఏసుమణి చెప్పేసింది. చెప్పి తల దించుకుంది. ఆర్డర్లు తీసుకునే కంపెనీ ఇన్‌స్పెక్టరు సాయంత్రం పాసింజరుకు మద్రాసు వెళ్ళిపోతాడు. ఆలోపు ఆర్డరు అతని చేతిలో పెట్టాలి.

ఎవరో ఇంకొక గ్లాసు రాసుకోమన్నారు, తీరా చూస్తే కొంగున డబ్బు లేదు. పోలమ్మ అనే పడుచు, కాళ్ళ కడియాలు తాకట్టు పెడతానంది. వాళ్ళత్త అక్కడే కూర్చుని ఉండి ఆ మాట నోట్లోనే నొక్కేసింది.

అప్పుడు నాగులమ్మ గొంతు సవరించుకుంది. ఊరికంతా అవ్వ ఆమె. ఇప్పటికీ గంప ఎత్తుతుంది, అయితే చిన్న గంప. అమ్మకానికి పోయే ప్రతి ఆడదీ గంపకింత అని గంగమ్మ జాతరకు తీసిపెట్టే చిల్లర ఆమె దగ్గరే ఉంటుంది. మగవాళ్ళు పడవ మీద తీసే గంగమ్మ పాలు ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు ఇంట్లో ఉంటుంది. ఈ గంప కాసులు మాత్రం ఆడవాళ్ళవి. వాటిని ఇంతవరకు ఏ మగవాడూ లెక్క అడగలేదు. అడిగేంత ఎప్పుడూ లేవు కూడా.

"వల దులిపినప్పుడు ముందు అమ్మ పాలు తీస్తారా లేదా?" అంది నాగులమ్మ. "మూడు నెలల్నించి ఒక పక్క లాగతానే వుండాం. అమ్మ పాలు తియ్యనే లేదు. ఇంక వల యాడ నిండుద్ది?"

పంచంతా ఒక్కసారి తేటపడింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అని ఒకరినొకరు చూసుకున్నారు. గంప కాసుల్లోంచి పదకొండు రూపాయలు తీసి అమ్మకు ఒక ఎవర్‌సిల్వర్ హారతి పళ్ళెం రాయించాలి. అమ్మకు పళ్ళెం అమరుతుంది, వీళ్ళ ఆర్డరు నిండుతుంది. నాగులమ్మ ఇంటికి వెళ్ళి ముడుపుగుడ్డ తెచ్చి చిల్లర కుప్ప పోసింది. పసుపు అంటిన నాణేలు. ఏసుమణి వాటిని ఎంచి పెట్టెలో వేసుకుంది.

పేరు ఎవరిదని రాయాలని అడిగింది.

"అమ్మ పళ్ళేనికి అమ్మ పేరు గాక నా పేరు రాస్తావా? గంగమ్మ అని రాయి," అంది నాగులమ్మ.

ఏసుమణి చెయ్యి కాసేపు ఆగింది. ఆదివారం పూట పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పించే మనిషి ఆమె. అయినా ఎదురుగా పదిహేడు మంది ముఖాలున్నాయి, వాళ్ళ వెనక చెంచమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. రాసేసింది. గంగమ్మ, దిబ్బకుప్పం, పళ్ళెం ఒకటి. రాసి కంపెనీ పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు అందుకోవడానికి ఎండలో బయలుదేరింది. చెంచమ్మ ఊరి చివరిదాకా తోడొచ్చింది. సరుకు ఎప్పటికొస్తుందని అడిగింది. నెల లోపలే అని ఏసుమణి చెప్పింది.

సూళ్ళూరుపేట స్టేషన్లో ఇన్‌స్పెక్టరు సంజీవరావు బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చెడ్డవాడేం కాదు. ఏసుమణిని కూర్చోమన్నాడు, ఆమె భర్త ఎట్లా ఉన్నాడని అడిగాడు. కూడి చూసుకుని సరిగ్గా అరవై ఉందని మెచ్చుకున్నాడు కూడా. తర్వాత పేర్లన్నీ చూసి పెదవి విరిచాడు. ఇన్ని చిల్లర ఆర్డర్లకు విడివిడిగా బిల్లులు వెయ్యొద్దని కంపెనీ కొత్తగా చెప్పిందట. పది రూపాయల లోపువన్నీ ఒక్క బిల్లుగా కలిపెయ్యాలి. ఆ బిల్లు అందరికంటే పెద్ద ఆర్డరు ఇచ్చినవాళ్ళ పేరున ఉండాలి. పార్శిలూ ఆ పేరునే వస్తుంది.

ఇక్కడ పెద్ద ఆర్డరు పదకొండు రూపాయల పళ్ళెం. సంజీవరావు కార్బను కాగితం సర్దుకుని, శ్రీమతి గంగమ్మ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఏసుమణి ఆ పేరు వద్దనీ, ఇల్లుగలామె చెంచమ్మ అనీ, ఆమె పేరు రాయమనీ అడిగింది. ఎందుకు వద్దో చెప్పడానికి నోరు రాలేదు. దేవతకు పళ్ళెం అమ్మానని చెబితే అతను నవ్వుతాడో, ఆర్డరే కొట్టేస్తాడో తెలియదు. కొట్టేస్తే మళ్ళీ నలభైతొమ్మిదే.

"ఏ పేరైతే ఏమిటమ్మా, గిన్నెలకు తెలుస్తుందా?" అన్నాడు సంజీవరావు.

రైలొచ్చింది. అతను ఎక్కేశాడు. అతని మాటలో తప్పేమీ లేదని ఏసుమణి ఇంటికి వెళ్ళేదాకా తనకు తను చెప్పుకుంది. నిజంగానే గిన్నెలకు తెలియదు. తెలిసేవాళ్ళు వేరే ఉన్నారు.

పార్శిలు వచ్చేసరికి ఇరవై రోజులు పట్టింది. రైల్లో వచ్చిన చెక్కపెట్టెను దిబ్బకుప్పానికి చేర్చమని ఏసుమణి బండి ముత్యాలయ్యకు అప్పగించింది. తను కూడా ఆ బండిలోనే వెళ్ళాల్సింది. ఆ పొద్దున యెహోషువకు జ్వరం తగిలింది. అతనికి గంజి కాచిపెట్టి, వెనక బస్సులో వచ్చి అందుకుంటానని చెప్పింది. ఆమె అక్కడ ఉంటే మాత్రం ఏం చేసేదో చెప్పలేం కానీ, ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ముత్యాలయ్యకు నాలుగక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఆ విద్య చూపించుకునే అవకాశం అతనికి ఎప్పుడో కానీ రాదు. పెట్టె మీద నల్లరంగుతో రాసిన పేరు దారంతా చదువుకుంటూ వచ్చి, ఊరి మొగదల బండి ఆపి, గంగమ్మకు మద్రాసు నుంచి పార్శిలొచ్చిందని కేకేశాడు.

ఆ కేక ఊళ్ళో ఎట్లా పాకిందో చెప్పనక్కర్లేదు. పోయిన ఏడు తుఫానులో ఇద్దరు కుర్రాళ్ళు పడవతో సహా పోయారు. ఒకడు పోలమ్మ తమ్ముడు. అప్పటినుంచి అమ్మకు కోపం వచ్చిందని ఊరు వణికిపోతూ ఉంది. ఇప్పుడు అమ్మ పేరున ఎక్కడో మద్రాసు నుంచి పెట్టె వచ్చిందంటే ఎవరు నిలవగలరు? వల అల్లుతున్నవాడు వల వదిలేశాడు. ఎవరో డప్పు తెచ్చారు. చెరువని వాళ్ళు పిలిచే ఉప్పునీటి సరస్సు మీదికి పోయిన పడవల వాళ్ళు తప్ప ఊరంతా బండి చుట్టూ చేరింది. నాగులమ్మ పరుగున వచ్చింది. తను రాయించిన పళ్ళెం అమ్మ పేరునే, అందరూ చదివేట్టు వచ్చిందని ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి బండి చక్రాల మీద, పెట్టె మీద పోసింది. కర్పూరం వెలిగించింది. వేపమండలు కట్టింది. ఆ ఆనందంలో లోపల తన గరిటె కూడా ఉందని ఆమెకు గుర్తు లేదు. చెంచమ్మ వచ్చి అవ్వ చెయ్యి పట్టుకునేసరికి అంతా అయిపోయింది.

ఏసుమణి బస్సు దిగి పర్రల మీద నడిచి వచ్చేసరికి పెట్టె చెంచమ్మ వాకిట్లోనే ఉంది, కానీ చెంచమ్మది కాదు. పెద్దకాపు కామాక్షయ్య ఎదురుగా నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఊరికి కట్టుబాటు అతనిది. అతను దురాయి వేశాడంటే, ఇది చెయ్యకూడదని ఊరికి కట్టు వేశాడంటే, పడవ నీళ్ళలోకి దిగదు, పొయ్యికి నిప్పు పుట్టదు. పెట్టె పలకలు ఊడదీసి సరుకంతా చాప మీద పరిపించాడు. ఎండకు గ్లాసులన్నీ ధగధగలాడుతున్నాయి. మధ్యలో సత్తు బిందె ఉంది. ఆడవాళ్ళు దూరంగా గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరి గ్లాసు ఏదో ఎవరికి వాళ్ళకు తెలుసు. ఒక్కరూ ముందుకు రావడం లేదు.

తీర్పు అప్పటికే చెప్పేశాడు. అమ్మ పేరున వచ్చింది. అమ్మ పేరున పసుపునీళ్ళు పడ్డాయి. ఇక అది అమ్మ సొత్తు. అమ్మ సొత్తు ఇళ్ళలోకి పోతే ఈ ఏడు ఎవరి కొడుకు తిరిగి రాడో ఎవరికి తెలుసు? అన్నీ అమ్మ సామాను దాచే గంగమ్మ కొట్టులో చేరాలి. జాతరకు పనికొస్తాయి.

జాతరకు ఎన్ని పనికొస్తాయో ఊరందరికీ తెలుసు. గంగమ్మ కొట్టులో ఇదివరకే నాలుగు ఇత్తడి గుండిగలు ఉన్నాయి. అవి అమ్మ పొయ్యి మొహం చూసి ఎన్నేళ్ళయిందో. చుట్టుపక్కల కుప్పాల్లో పెళ్ళి జరిగితే కామాక్షయ్య కొడుకు వాటిని అద్దెకు పంపుతాడు. ఈ మాట ఎవరూ పైకి అనరు. కామాక్షయ్య భయం కూడా అబద్ధం కాదు, అతని తమ్ముడూ చెరువులోనే పోయాడు. భయమూ లాభమూ ఒకే దారిన నడుస్తుంటే మనిషికి తన మీద తనకు అనుమానం రాదు.

అతను ఏసుమణిని పిలిచి అడిగాడు. మతం వేరైనా మర్యాదగానే అడిగాడు. ఈ పేరు రాసింది నువ్వేనా, ఈ గంగమ్మ ఎవరు?

ఏసుమణి ఒకసారి చాప వైపు చూసింది, ఒకసారి చెంచమ్మ వైపు చూసింది. అబద్ధసాక్ష్యం పలకరాదని తనే ఆదివారం ఆదివారం పిల్లలకు వల్లెవేయిస్తుంది.

"ఆ గంగమ్మ అమ్మవారు గాదు పెద్దయ్యా," అంది. "సూళ్ళూరుపేటలో మా పక్కింటామె. ఆమె పళ్ళెం కూడా ఇందులోనే ఏసినాను. పేరు కలిసింది, అంతే."

గుంపులో కదలిక వచ్చింది. పోలమ్మ తలెత్తింది. కామాక్షయ్య గడ్డం నిమురుకున్నాడు. బహుశా అతనూ దాంతో సరిపెట్టుకునేవాడు. ఇంతమంది ఆడవాళ్ళ ఏడుపు ఎవరికి మాత్రం కావాలి? ఊరు తప్పించుకోవడానికి అదొక దారి, ఆ అబద్ధం చాలు.

"అబద్ధమాడొద్దు తల్లీ," అంది నాగులమ్మ.

ఆమె గొంతులో కోపం లేదు. ఏసుమణి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు మాకోసం ఆడతా వుండావు, నాకు తెలుసు. కానీ అమ్మ అన్నీ ఇంటా వుండాది. గంప కాసుల్లో తీసి నేనే రాయించినా. నా నోటితో నేనే చెప్పినా అమ్మ పేరు." చెప్పి గుంపు వైపు తిరిగింది. "నా వల్లే పోయినాయి మీ గిన్నెలు. నన్ను తిట్టుకోండి."

ఎవరూ తిట్టలేదు. తిట్టడానికి ఆమె ఏం చేసింది? నిజం చెప్పింది. దేవుణ్ణి నమ్మినవాళ్ళిద్దరిలో ఒకామె పేదవాళ్ళ కోసం అబద్ధమాడింది, ఇంకొకామె ఆడలేకపోయింది. గ్లాసులు మాత్రం చాప మీదే ఉన్నాయి.

అప్పుడు చెంచమ్మ ముందుకొచ్చింది. పెద్దకాపుకు ఎదురుచెప్పడానికి అంతవరకు ఊళ్ళో ఏ ఆడదీ నిలబడలేదు. ఆమె కూడా నిలబడలేదు, చాప అంచున గొంతుక్కూర్చుంది.

"అమ్మది పళ్ళెం ఒక్కటే మామా," అంది. "మిగతాయన్నీ మావి. వల నిండా చేప పడితే అమ్మ ఒక్క పాలే తీసుకుంటాది గదా. మొత్తం నాదేనని ఎప్పుడన్నా అడిగిందా?"

వెనక మగవాళ్ళలో ఎవరో ఊఁ అన్నారు. లెక్క ప్రకారం ఆమె మాట న్యాయమే. వలకు ఒక పాలు, పడవకు ఒక పాలు, అమ్మకు ఒక పాలు, మిగతాది మనుషులది. తాతలనాటి నుంచి అదే. కామాక్షయ్యకూ ఆ సంగతి తెలుసు.

"వల మగోళ్ళది. వల సంగతి నీకెందుకు?" అన్నాడు అతను.

చిన్నపోలయ్య ఆ గుంపులోనే ఉన్నాడు. చెంచమ్మ అతని వైపు చూసింది. అతను కాలి బొటనవేలితో ఇసుక గీస్తున్నాడు. అతను పాలుకు పోయే పడవ కామాక్షయ్య అన్న కొడుకుది. అతన్ని తప్పుపట్టడం సులువే. రేపు పడవ ఎక్కనివ్వకపోతే ఐదుగురు పిల్లలకు ఎవరు పెడతారో చెప్పగలిగినవాళ్ళు ముందు తప్పుపట్టాలి.

ఏసుమణి ఇంకా ఏదో చెప్పబోయింది. కంపెనీకి ఉత్తరం రాస్తాననీ, ఇన్‌స్పెక్టరుతో చెప్పించి పేరు మార్పిస్తాననీ అంది. ఆ మాటలు ఆమె చెవికే డొల్లగా వినిపించాయి. కంపెనీ తన పని తను చేసింది. అరవై రూపాయలు పుచ్చుకుంది, అరవై రూపాయల సరుకు పంపింది. ఒక్క గరిటె కూడా తక్కువ లేదు. ఎవరి మీద ఫిర్యాదు రాయాలి?

కామాక్షయ్య లేచాడు. పెద్ద గంప ఒకటి తెప్పించి సరుకంతా అందులో సర్దించాడు. అడుగున గరిటెలు, వాటి మీద గ్లాసులు, గిన్నెలు, అన్నిటికీ పైన బోర్లించిన సత్తు బిందె. పళ్ళెం మాత్రం విడిగా కర్పూరంతో నాగులమ్మ చేతికిచ్చారు. గంగమ్మ కొట్టు చెరువు ఒడ్డున ఉంది, వంద బారలు కూడా ఉండదు.

"ఎత్తుకో చెంచమ్మా," అన్నాడు.

అందులో క్రూరత్వమేమీ అతనికి కనిపించలేదు. ఆ ఊళ్ళో మగవాడు తెడ్డు పడతాడు, వల మోస్తాడు, లంగరు లాగుతాడు. గంప మాత్రం నెత్తికెత్తడు. ఎత్తినవాడికి పిల్లనివ్వరు. గంపలో ఏది పడినా అది ఆడదాని నెత్తి మీదే కదలాలి. చేపలైనా అంతే, అమ్మవారి సొత్తైనా అంతే. వాకిలి చెంచమ్మది కాబట్టి ఆమెను పిలిచాడు.

చెంచమ్మ గొంతుక్కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

"నేనెత్తను మామా."

ఆమె గట్టిగా అనలేదు. చాలామందికి వినపడలేదు కూడా. కామాక్షయ్యకు వినపడింది కానీ అర్థం కానట్టు కాసేపు చూశాడు. తర్వాత ఒంట్లో బాగాలేదేమో అనుకుని పోలమ్మను పిలిచాడు. పోలమ్మ జుట్టు ముడి ఊడదీసి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఎంతకీ అయ్యేట్టు లేదు. పోలమ్మ అత్తను పిలిచాడు. ఆమె చంటిదాన్ని చంకలో ఇంకొంచెం పైకి లాక్కుంది. ఇంకొకామె ఇసుకలో ఏదో పడిపోయినట్టు వెతుక్కుంటోంది. ఒక్కరూ కాదనలేదు. కాదనే ధైర్యం వాళ్ళకు లేదు. కానీ ఒక్కరూ రాలేదు.

కామాక్షయ్య మెడ నరాలు ఉబ్బాయి. దురాయి వేస్తానన్నాడు. రేపటినుంచి ఈ ఇళ్ళ గంపలు రేవులోకి రాకూడదన్నాడు. ఆ మాటకు ఆడవాళ్ళ ముఖాలు పాలిపోయాయి. వాళ్ళకు ఉన్నదల్లా ఆ గంపే. అయినా ఎవరి కాళ్ళూ కదల్లేదు. తమ కాళ్ళు ఎందుకు కదలడం లేదో వాళ్ళకే తెలియనట్టు చెంచమ్మ వైపు చూస్తున్నారు. చెంచమ్మ గంప వైపు చూస్తోంది.

అప్పుడు నాగులమ్మ పళ్ళెం కింద పెట్టింది. అమ్మ సొత్తు వాకిట్లో అనాథగా పడి ఉండటం ఆమెకు సహించరానిది. కొంగు చుట్టి కుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. గంప దగ్గరికి వచ్చి వంగి, రెండు చేతులతో అంచు పట్టుకుంది.

నిండు గంప ఒక్కరి బలంతో నెత్తికెక్కదు. ఎదుటినుంచి ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఆ ఊళ్ళో దానికి అడగడం అనేది లేదు. గంప మీద వంగిన ఆడది కనపడితే దారిన పోయేది, పగదైనా సరే, వచ్చి ఒక చెయ్యి వేసి పోతుంది. నాగులమ్మ తన బతుకంతా అట్లా ఎంతమందికి చెయ్యి వేసిందో, ఎంతమంది ఆమెకు వేశారో.

ఆమె వంగే ఉండి, ఎవరొస్తారా అని తల పైకెత్తి చూసింది. ముందు చెంచమ్మను చూసింది, తర్వాత పోలమ్మను, తర్వాత మిగతావాళ్ళను. ఏసుమణి ఒక అడుగు వేసి ఆగిపోయింది. మగవాళ్ళు ఎటో చూస్తున్నారు. కామాక్షయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అతనూ గంప ముట్టడు.

చెరువు మీదినుంచి గాలి లేచి చాప అంచును మడిచింది. ముసలమ్మ గంప అంచు వదలకుండా అట్లాగే వంగి ఉంది.